వఫా అడిగే ముందు హక్ ఇవ్వండి

మొన్న విశాఖలో ఓ షిప్పింగ్ కంపెనీ పెద్దమనిషి నాతో వాపోయాడు. "ఈ కాలం కుర్రాళ్లు దిల్ పెట్టి పనిచేయరు సాబ్. ఒక ట్రిప్పు తిరిగొచ్చి కంపెనీ మారిపోతారు." ఇలాజ్ కూడా ఆయనే చెప్పాడు: ఓడలో క్యారమ్స్ పోటీలు, ఈద్‌కి బిర్యానీ, 'మనమంతా ఒకే ఖాందాన్' అనే పోస్టర్లు.

బిర్యానీ మీద నాకేం కోపం లేదు. ఆ ఖాందాన్ మాటే మింగుడుపడలేదు.

మా ఖాలా కొడుకు ఇంజన్ రూంలో ఆయిలర్. 2020లో అతని తొమ్మిది నెలల కాంట్రాక్టు పద్నాలుగు నెలలైంది. ఆ ఏడాది చివర్లో దాదాపు 4 లక్షల మంది గడువు దాటినా ఓడల్లోనే చిక్కుకున్నారు. అది కరోనా, ఒప్పుకుంటా. మరి మూడు నెలల తన్ఖా ఆపింది ఎవరు? అదీ కరోనాయేనా? మగ్రిబ్ నమాజ్ అయ్యాక ఖాలా రోజూ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. వాడు తిరిగొచ్చాక కంపెనీ మారాడు. బేవఫా ఎవరు జనాబ్, వాడా?

2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందంలో మన దేశం 2015లో చేరింది. రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి, వారానికి 77 గంటలు. జీతం నెలనెలా. గడువు తీరితే కంపెనీ ఖర్చుతో ఇంటికి. రెండు నెలలు తన్ఖా ఎగ్గొడితే ఓడవాళ్లను గాలికొదిలేసినట్టే లెక్క. ఇంత సాఫ్‌గా రాసి ఉంది. మావాడు చెప్పేదేమంటే, రిజిస్టర్‌లో పది గంటలు, కంటికి ఆరు గంటలు. నిద్రలేని మనిషిలో, జీతం రాని మనిషిలో దిల్ వెతకడం జుల్మ్ కాదా?

మన ఇళ్లకూ ఓ మాట. డాలర్లెన్ని అని అడుగుతాం, కాంట్రాక్టు కాగితం అడగం. అమ్మీ నగలు అమ్మి ఏజెంటుకు లక్షలు పోస్తాం. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదని అదే ఒప్పందం చెబుతోంది. ఖర్జ్‌తో ఓడెక్కిన పిల్లాడు ఏ జుల్మ్‌కీ నోరెత్తలేడు. ముందు ఏజెంటు ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ చూడండి, కాంట్రాక్టు నకలు ఇంట్లో ఉంచుకోండి.

కంపెనీ సాబ్‌లకు ఒకటే అర్జీ. తన్ఖా వేళకివ్వండి, నిద్రపోనివ్వండి, చెప్పిన తారీఖుకు ఇంటికి పంపండి. దిల్ అదే వస్తుంది. పోస్టర్ అక్కర్లేదు.