ముందు శరీరం తెలియాలి, తరువాతే పరికరం

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. నాటి నుండి ఎన్నో సందర్భాలలో ప్రమాదస్థలానికి మొదట చేరేది వైద్యుడు కాదు, ఈ.ఎం.టి. అతనికి పరికరాల వాడకం కంటె ముందుగా శరీరధర్మశాస్త్రం నేర్పాలన్నది నా దృఢాభిప్రాయం.

ఒక ఉదాహరణ చూడండి. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. రోడ్డు ప్రమాదంలో కడుపు లోపల రక్తస్రావం జరుగుతున్న యువకుని బి.పి. 120/80 గానే ఉండవచ్చు. గుండె వేగం పెంచుకొని, రక్తనాళాలు బిగుసుకొని ఆ అంకెను నిలబెడతాయి. సుమారు లీటరున్నర పోయేవరకూ అది పడిపోకపోవచ్చు. అంకెను చదవడం మాత్రమే నేర్చినవాడు ఫర్వాలేదనుకుంటాడు. కారణం ఎరిగినవాడు నాడి 100 దాటడం, శ్వాస నిమిషానికి 20కి మించడం, చర్మం చల్లబడి చెమట పట్టడం గమనించి, షాక్ మొదలైందని గ్రహిస్తాడు. శస్త్రచికిత్స వసతి గల ఆసుపత్రికే బండిని మళ్ళిస్తాడు.

ఆపత్సమయంలో ఆలోచనకు వ్యవధి ఎక్కడిది, నిర్ణీత క్రమాన్ని పాటిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అనే పరీక్షాక్రమం అవసరమే. అయితే ఆ క్రమం ఎందుకో తెలిసినవాడే, రోగి లక్షణాలు పాఠానికి భిన్నంగా ఉన్నప్పుడు తడబడకుండా ఉంటాడు.

మీకూ ఒక విన్నపం. 108 సిబ్బంది వచ్చినప్పుడు "ముందు బండి కదల్చండి" అని తొందరపెట్టకండి. నాడిని, శ్వాసను లెక్కించే ఆ ఒక్క నిమిషమే ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది.