బాలింత ఛాతీనొప్పిని వాయువని ఉపేక్షించరాదు

కొన్నేళ్ళ క్రితం, ప్రసవమై మూడు వారాలైన ఒక బాలింతను నా వద్దకు తీసుకువచ్చారు. ఛాతీలో బరువు, ఎడమ దవడ లాగడం, ఒళ్ళంతా చెమటలు. "పథ్యం తప్పింది, వాయువు చేసింది" అని ఇంటి పెద్దలు అప్పటికే వామునీరు త్రాగించారు. నేనూ వాతప్రకోపమనే భావించి శొంఠి కషాయం కాయించాను. ఆమె ముఖం పాలిపోవడం చూశాకగాని ఆసుపత్రికి పంపలేదు. ఇ.సి.జి.లో గుండెపోటని తేలింది. ఆమె బ్రతికింది. కాని ఆ ఆలస్యంలో నా పాలు కూడా ఉన్నదని ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

పిన్నవయసు స్త్రీకి గుండెపోటు రాదన్న నమ్మకం సరికాదు. ఇది అరుదే, అయినా గర్భం దాల్చిన స్త్రీకి ఆ ముప్పు పెరుగుతుంది. గర్భకాలంలో రక్త పరిమాణం 40 నుండి 50 శాతం వరకు అధికమై గుండెకు శ్రమ హెచ్చుతుంది. ప్రసవ సమయంలో రక్తస్రావాన్ని అరికట్టడానికి ప్రకృతి రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. అది కాన్పు తరువాత కూడా కొన్ని వారాలు నిలిచి ఉంటుంది. కొందరిలో హృదయ రక్తనాళపు లోపలి పొర చీలుతుంది. 2002 నుండి 2014 వరకు అమెరికా ఆసుపత్రుల లెక్కలను పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, ఇట్టి గుండెపోట్లలో సగానికి పైగా ప్రసవానంతరమే కనిపించాయి.

మన శాస్త్రం సూతికకు నెలన్నర పరిచర్య విధించింది. గర్భిణిని చరకుడు నిండు నూనెపాత్రతో పోల్చాడు. హృదయాన్ని మూడు ప్రధాన మర్మాలలో ఒకటిగా ఎంచాడు. మర్మానికి దెబ్బ తగిలినవేళ కషాయం కాచుకుంటూ కూర్చోవడం ఆయుర్వేదం కాదు.

ఆయుర్వేద వైద్యుడే ఇంగ్లీషు వైద్యానికి పంపడమేమిటని కొందరు పాఠకులు నొచ్చుకోవచ్చు. తన చేతికి మించినదానిని గుర్తించడం కూడా వైద్యధర్మమే.

కనుక గృహిణులకు, ముఖ్యంగా అత్తగార్లకు, అమ్మలకు నా మనవి. గర్భిణికి గాని బాలింతకు గాని ఛాతీలో నొప్పి, బిగువు, దవడకో చేతికో వీపుకో పాకే బాధ, ఆయాసం, చల్లని చెమట కలిగితే వెంటనే 108కు ఫోను చేయండి. పడుకుంటే ఊపిరాడకపోయినా ఆలస్యం చేయవద్దు. గర్భకాలంలో రక్తపోటు, మధుమేహం వచ్చినవారు కాన్పు తరువాత కూడా ఏటా పరీక్షలు చేయించుకోవాలి. కాయం, పథ్యం, తైలాభ్యంగనం ఆరోగ్యంగా ఉన్న బాలింతకు. గుండెనొప్పికి అవి మందులు కావు.