తలుపు తీశారు... తాళం వదల్లేదు!

ఐఫోన్‌లో ఏ యాప్ కావాలన్నా యాపిల్ సొంత దుకాణమైన 'యాప్ స్టోర్'కే వెళ్లాలి. ఆ యాప్‌లో ఆటల పాయింట్లో, నెలవారీ చందానో కొంటే అందులో 15 నుంచి 30 శాతం దాకా యాపిల్‌కి కమీషన్. సంత స్థలం తనది కాబట్టి గంప గంపకీ ఆశీలు వసూలు చేసినట్టన్నమాట!

'ఇదేం పద్ధతి?' అంది ఐరోపా సమాఖ్య. డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ తెచ్చి, 2023 సెప్టెంబరులో యాపిల్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ సహా ఆరు కంపెనీలను 'గేట్‌కీపర్లు'గా ప్రకటించింది. పోటీదారులకు తలుపులు తీయడానికి 2024 మార్చి దాకా గడువిచ్చింది.

యాపిల్ కాదనలేదు. ఐరోపాలో వేరే యాప్ దుకాణాలకు దారిచ్చింది. కాకపోతే... కొత్త షరతులకు ఒప్పుకున్న యాప్ ఏడాదిలో పది లక్షల ఇన్‌స్టాల్స్ దాటితే, ఆపైన ఒక్కోదానికీ అర యూరో కట్టాలంది. అంటే అప్పటి లెక్కలో సుమారు 45 రూపాయలు! ఐఫోన్ తెరమీద పెట్టుకునే వెబ్ యాప్‌లను ఐరోపాలో తీసేస్తామని ప్రకటించి, గొడవయ్యాక వెనక్కి తగ్గింది. అదే ఏడాది జూన్‌లో, ఈ చట్టం కారణంగా కొత్త ఏఐ సదుపాయాలు ఐరోపాకు ఆలస్యమవుతాయని చెప్పింది. ఐరోపా ఐఫోన్లకు అవి 2025లోగానీ అందలేదు.

యాపిల్ వాదన యాపిల్‌ది. తలుపులు బార్లా తీస్తే మోసగాళ్లూ దూరతారు, ఫోన్‌కి భద్రత ఉండదంటుంది. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులు కొట్టిపారేయలేని మాటే. కానీ బయట తక్కువ ధరకు దొరుకుతుందని చెప్పుకోనివ్వకపోవడం భద్రత ఎలా అవుతుంది? సరిగ్గా ఆ తప్పుకే 2025 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ 50 కోట్ల యూరోల జరిమానా వేసింది. యాపిల్ కోర్టుకెక్కింది.

ఈ ఎత్తు కొత్తదేం కాదు. విండోస్‌తో మీడియా ప్లేయర్‌ను అంటగడుతోందని 2004లో మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా పడింది. ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలన్నారు. అలాగే అమ్మింది... అదే ధరకి! ఒక వస్తువు తగ్గించి అదే ధరంటే ఎవరు కొంటారు? ఆదేశం అమలైంది, ఫలితం మాత్రం శూన్యం.

అయితే చట్టాలన్నీ ఇలాగే నీరుగారిపోలేదు. ఫోన్లన్నిటికీ ఒకే రకం 'సి-టైప్' ఛార్జర్ ఉండాలని 2022లో ఐరోపా చట్టం చేసింది. గడువు 2024 డిసెంబరు. యాపిల్ 2023లోనే ఐఫోన్ 15కి అది పెట్టింది. ఐరోపాకొకటి, మిగతా దేశాలకొకటి చేయడం కష్టం కాబట్టి మన ఊళ్లో కొన్న ఐఫోన్‌కీ అదే వచ్చింది. ఇప్పుడు అమ్మ ఆండ్రాయిడ్‌కీ, అబ్బాయి ఐఫోన్‌కీ ఒకే తీగ సరిపోతోంది.

యాప్ దుకాణం సంగతి వేరు. సాఫ్ట్‌వేర్‌కి దేశానికో గీత గీయొచ్చు. అందుకే 2024లో ఆ తలుపు ఐరోపాలో మాత్రమే తెరుచుకుంది. హైదరాబాద్‌లోని ఐఫోన్‌కి మాత్రం పాత తాళమే మిగిలింది!