పాత పహాణీ పారేయొద్దు

నారాయణఖేడ్ వైపు ఎకరం పొలం కొనాలంటే ఈ ఏడాది కాగితం ఒక్కటి చూసి ఎవరూ బయానా ఇవ్వరు. 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరుంది, అక్కణ్ణుంచి ఎన్ని చేతులు మారింది అని తవ్వుతారు. లింకు డాక్యుమెంట్లు లేవంటే పెద్దమనుషులు తల అడ్డంగా ఊపుతారు. 2016 అక్టోబరు 11న ఈ ఊరు మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారిందని పాత పహాణీతో పని తీరిపోలేదు కదా!

సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఇలాంటి పహాణీ ఒకటుంది. ప్రోగ్రాంలో ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో దాచిపెట్టే రిపాజిటరీ. దాన్ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చేటప్పుడే చిక్కంతా. తొందరలో తాజా ఫైళ్లు మాత్రం కాపీ చేసేస్తారు. ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. ఆర్నెల్ల తర్వాత బిల్లు లెక్కలో తేడా వస్తే, ఆ లైను అలా ఎందుకు రాశారో చెప్పే నాథుడుండడు.

లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడు 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నల్‌ను తాను తయారుచేసిన గిట్‌లోకి తెచ్చినప్పుడు పాత చరిత్రను పక్కనపెట్టాడు. తెలిసే చేశాడు, బరువెక్కువవుతుందని. ఇప్పటికీ ఆ కెర్నల్‌లో పాత లైను పుట్టుక వెతికితే, దారి ఆ ఏప్రిల్ దగ్గరే ఆగిపోతుంది. అంతకు ముందుది తర్వాత ఇతరులు విడిగా కూర్చిపెట్టిన చోట వెతుక్కోవాలి.

గిట్ నుంచి గిట్‌కైతే పని తేలిక. ‘మిర్రర్’ ఆప్షన్‌తో క్లోన్ చేసి, అదే ఆప్షన్‌తో ఖాళీగా ఉన్న కొత్త చోటికి పుష్ చేస్తే బ్రాంచీలు, ట్యాగులతో సహా వస్తాయి. ప్రతి మార్పు గుర్తింపు సంఖ్యలో దాని ముందు మార్పు సంఖ్య కూడా ఇమిడి ఉంటుంది. రెండు చోట్లా బ్రాంచి చివరి సంఖ్య ఒకటే అయితే వెనకున్న గొలుసంతా ఒకటే అన్నమాట.

సబ్‌వెర్షన్ నుంచి వస్తే మాత్రం సంఖ్యలు కొత్తగా పుడతాయి. అందుకే యూజర్‌నేమ్‌ల పక్కన అసలు పేరు, ఈమెయిల్ రాసిన జాబితా ముందే సిద్ధం చేసుకోవాలి. చివర్లో మార్పుల లెక్క, పాత విడుదలలు సరిచూడాలి. బగ్గుల మీద జరిగిన చర్చలు వీటితో రావు. విడిగా తెచ్చుకోవాలి.

పాత సర్వర్‌ను ఆ రోజే చెరిపేయకండి. రాయడానికి తాళం వేసి, చదవడానికి కొన్నాళ్లు తెరిచి ఉంచండి. ఇల్లు మారేటప్పుడు మన పెద్దలు ట్రంకుపెట్టె అడుగునున్న కాగితాలే ముందు సర్దేవారు. సామాను మళ్లీ కొనుక్కోవచ్చు, కాగితాలు ఎక్కడ కొంటాం?