ఇగ్వానా కొనేముందు రెండో పేరు రాయండి

పై చదువులకు అమెరికా వెళ్లే పిల్లల బైకు అమ్ముడుపోతుంది. పుస్తకాలు అటకెక్కుతాయి. ముచ్చటపడి పెంచుకున్న ప్రాణులు మాత్రం ఇంట్లో ఉన్నవాళ్ల మీద పడతాయి. మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతూ కొనుక్కున్న పచ్చ ఇగ్వానా అలాగే రాజమహేంద్రవరంలో మా డాబా మీదికి చేరింది. వాడు ఎమ్మెస్ కోసం టెక్సస్ వెళ్లాడు. కొన్నరోజు అది వాడి అరచేతిలో ఒదిగిందట. ఇప్పుడు తోకతో కలిపి నాలుగడుగులు దాటింది. జువాలజీ లెక్చరర్‌గా రిటైరైన నాలాంటి మేనత్త ఉంది కాబట్టి దానికి ఒక చోటు దొరికింది. అలాంటి మనిషి లేని ఇళ్ల గురించే నా దిగులు.

పచ్చ ఇగ్వానాను సరిగ్గా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు కొంటే, దాని ఆయుష్షు తీరేలోపు అతనికి చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ అయిపోతాయి. ఊళ్లు మారతాయి, దేశాలు మారతాయి. అద్దె ఇంటి ఓనరు ఒప్పుకోకపోవచ్చు, కట్టుకున్న మనిషికి భయం ఉండవచ్చు. అందుకే నాది ఒక్కటే మాట. ఇంత పెద్ద సరీసృపాన్ని కొనేవాళ్లు తమ తర్వాత దాన్ని చూసుకునేది ఎవరో ముందే చెప్పాలి. చెప్పలేకపోతే కొనకూడదు.

చట్టం ఇప్పటికే సగం దూరం వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు విదేశీ జంతువు ఒకసారి దేశంలోకి వచ్చి ఎవరి ఇంట్లోనో చేరాక, అది ఎవరి దగ్గర ఉందో అడిగేవాళ్లు దాదాపు లేరు. ఇప్పుడు సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లోని జాతులను మన చట్టంలో నాలుగో షెడ్యూలుగా చేర్చారు. పచ్చ ఇగ్వానా, బాల్ పైథాన్ రెండూ అందులో ఉన్నాయి. వీటిని పెంచడం నిషేధం కాదు, దాచిపెట్టి పెంచడం నేరం. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. రుసుము 1,000 రూపాయలు. అప్పటికే పెంచుతున్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు. ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లకు 30 రోజులు. పెంచుతున్న ప్రాణి పిల్లల్ని పెట్టినా, చచ్చిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. పాటించకపోతే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

మా వాడు గడువులోపే నమోదు చేశాడు. విమానం ఎక్కేముందు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ కాగితాలు నా పేరుకు మార్చమన్నాను. "ఎందుకత్తా, ఎలాగూ నీ దగ్గరే ఉంటుందిగా" అన్నాడు. "నా దగ్గర ఉంటుంది కాబట్టే నా పేరు మీద ఉండాలిరా" అన్నాను. వీసా పనులు ఎన్ని ఉన్నా ఆ పని పూర్తిచేసే వెళ్లాడు. రేపు ఏ అధికారి అడిగినా చూపించడానికి కాగితం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ ప్రాణికి జవాబుదారీ ఎవరో రాతపూర్వకంగా ఉంది.

మా వీధిలో కొందరు దాన్ని చూసి ఉడుమనుకుంటారు. అక్కడ తేడా తెలియాలి. ఉడుము, కొండచిలువ, నక్షత్ర తాబేలు మన దేశపు జంతువులు, మొదటి షెడ్యూలులో ఉన్నవి. వాటిని పట్టి ఇంట్లో పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు. అదృష్టం తెస్తుందని నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకున్నవాళ్లు నాకు తెలుసు. పైగా 2019 నుంచి అది సైట్స్ మొదటి అనుబంధంలో ఉంది. అంటే అంతర్జాతీయ వ్యాపారం నుంచి అత్యంత కఠినమైన రక్షణ పొందిన జాతుల్లో ఒకటి. దాన్ని అటవీ శాఖకు అప్పగించడమే మంచిది.

విదేశీ జాతి అయినంత మాత్రాన కూడా దారి తెరిచినట్టు కాదు. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల సంచుల్లో, బట్టల మధ్య కుక్కిన బాల్ పైథాన్లను, ఇగ్వానాలను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పదేపదే పట్టుకుంటున్నారు. దొరకనివి ఎక్కడో ఒక దుకాణానికి చేరతాయి. అందుకే అమ్మేవాడి దగ్గర బిల్లు, అతని పేరుమీద ఉన్న నమోదు, మీ పేరుకు బదిలీ కాగితాలు మూడూ అడగండి. "ముందు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత పంపిస్తా" అన్నచోట కొనవద్దు.

కాగితాల తర్వాత పెంపకం. ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికా చెట్ల మీద బతికే ప్రాణి. పెద్దదానికి కనీసం 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉన్న బోను ఉండాలని అనుభవమున్నవాళ్లు చెబుతారు. మా డాబా మీద మెష్ కొట్టించి ఆ కొలతలతోనే గది కట్టించాను. అందులో కొమ్మలు, నీళ్ల తొట్టి, సగం ఎండ, సగం నీడ. దాని ఒంటికి సొంత వేడి ఉండదు, బయటి నుంచి తీసుకోవలసిందే. ఒక చివర 35 డిగ్రీల దాకా వేడి ఉంటే, ఇంకో చివర చల్లగా ఉండాలి. ధనుర్మాసం రాత్రుల్లో హీటర్ లేకపోతే తిన్నది అరగదు. రోహిణీ కార్తెలో కష్టం అటు నుంచి వస్తుంది. గోదావరి పక్కనే ఉన్నా మా ఊరి ఎండ మనుషులకే తట్టుకోలేనిది. గ్రీన్ షేడ్ నెట్, తడిపిన గోనెసంచులు, గంటగంటకీ నీళ్లు చల్లడం లేకపోతే బోనులోనే వడదెబ్బకు చచ్చిపోతుంది. కరెంటు పోయినప్పుడు దాని సంగతి చూసుకునే మనిషి ఇంట్లో ఉండాలి.

చాలా ఇగ్వానాలను చంపేది వెలుతురు లేకపోవడం. తిన్న కాల్షియం ఎముకలకు పట్టాలంటే అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. అందుకే అద్దాల గదిలో ఎంత ఎండ కనిపించినా దానికి పనికిరాదు. నేరుగా ఎండైనా పడాలి, లేదా అందుకోసం చేసిన యూవీబీ ట్యూబులైనా పెట్టాలి. ఆ ట్యూబులు వెలుగుతూనే ఉంటాయి కానీ కొన్ని నెలలకు కిరణాల శక్తి తగ్గిపోతుంది, మార్చాలి. అవి లేని ఇళ్లలో దవడ మెత్తబడి వాస్తుంది, వేళ్లు వణుకుతాయి, కాళ్లు వంగిపోతాయి. చూసేవాళ్లు బద్ధకంగా పడుకుందనుకుంటారు. నిజానికి అది లేవలేకపోతుంది.

తిండి విషయంలో మన పెరళ్లు అదృష్టం చేసుకున్నవి. మందార ఆకులు, పూలు, మునగాకు, గుమ్మడికాయ తురుము, బీరకాయ దానికి రోజువారీ భోజనం. పాలకూరలోని ఆక్సాలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి కాబట్టి తరచూ పెట్టను. మా పనమ్మాయి మొదట్లో "గుడ్డు పెడితే బలమొస్తుంది కదమ్మా" అనేది. అది ఆకులు తినే ప్రాణి, మాంసం, గుడ్లు అలవాటు చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయని వివరించాను. ఇప్పుడు తనే చుట్టుపక్కల ఇళ్ల నుంచి మందారాకు కోసుకొస్తుంది.

మాది ఆడది. మగ తోడు లేకపోయినా ఆడ ఇగ్వానా ఈడొచ్చాక గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి పదుల సంఖ్యలో. పొదగడానికి కాదు, శరీర ధర్మం అంతే. గోడ మూలలు గోకుతూ తిండి మానేసినప్పుడు, పాత డ్రమ్ములో తడి ఇసుక నింపి పెట్టాను. తవ్వుకుని గుడ్లు పెట్టింది. ఇసుక దొరకని ఇగ్వానా గుడ్లను కడుపులోనే ఉంచుకుంటుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు ఆపరేషన్ చేయగల డాక్టరు కావాలి. మా చుట్టుపక్కల ఆవులు, గేదెలు, కుక్కలు చూసే డాక్టర్లున్నారు, సరీసృపాలు చూసేవాళ్లు దొరకడం కష్టం. కొనేముందు ఏ ఊళ్లో ఏ డాక్టరు చూస్తారో కనుక్కుని పెట్టుకోవాలి.

ఇంట్లో మనుషుల సంగతీ ఉంది. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకూడదు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. బెదిరితే తోకతో కొరడాలా కొడుతుంది, పళ్లు చర్మాన్ని చీలుస్తాయి. అది దాని తప్పు కాదు. కుక్కలా మనుషులతో వేల ఏళ్లు కలిసి పెరిగిన జాతి కాదది.

ఇవన్నీ తెలియకుండా కొన్నవాళ్లు విసిగిపోయాక ఏం చేస్తారు? రాత్రిపూట చెరువు గట్టునో కాలువ పక్కనో వదిలేస్తారు. పుణ్యం చేశామనుకుంటారు. ఆ పుణ్యం ఫలితం చూడాలంటే ఫ్లోరిడా చూడండి. పెంపకందారులు వదిలినవి, తప్పించుకున్నవి అక్కడ అడవి జంతువులైపోయాయి. ఇగ్వానాలు కాలువ గట్లలో, కరకట్టల్లో బొరియలు తవ్వి వాటిని కూలుస్తున్నాయి. బర్మీస్ కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ అడవుల్లో పాతుకుపోయాయి. అక్కడ రకూన్లు కనిపించడం 99 శాతం దాకా తగ్గిందని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2021లో ఫ్లోరిడా ఇగ్వానాలను పెంపకానికి నిషేధించింది. అప్పటికే ఉన్నవాటికి మాత్రం అనుమతి, ఒంట్లో గుర్తింపు చిప్ తప్పనిసరి చేసింది.

ఇది దూరదేశపు కథ కాదు. అక్వేరియంల కోసం వచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప, మనవాళ్లు డెవిల్ ఫిష్ అనేది, ఇవాళ మన చెరువుల్లో, కాలువల్లో తిరుగుతోంది. దాని ముళ్లు వలలు చింపుతున్నాయి, నష్టం జాలరులు మోస్తున్నారు. వెచ్చని గాలి, ఏడాది పొడవునా పచ్చదనం, మట్టి గట్ల కాలువలు ఉన్న కోనసీమ ఇగ్వానాకు నచ్చని చోటేమీ కాదు. గోదావరి డెల్టా సాగంతా ఆ గట్ల మీద ఆధారపడి ఉంది.

అలాగైతే పూర్తిగా నిషేధించవచ్చు కదా అంటారు కొందరు మిత్రులు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటిని ఏం చేస్తారు? దారి చూపకుండా నిషేధం మాత్రమే పెడితే కేసు భయంతో మొదట జరిగేది రాత్రిపూట వదిలేయడమే. నమోదు ఉన్నచోట ప్రతి ప్రాణికీ ఒక చిరునామా ఉంటుంది.

అందుకే ప్రభుత్వాన్ని మూడు కోరుతున్నాను. మొదటిది, నమోదు దరఖాస్తులో రెండో పేరు తప్పనిసరి చేయాలి. బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నట్టే, యజమాని చూసుకోలేనినాడు ఈ ప్రాణిని తీసుకుంటానని సంతకం పెట్టిన మనిషి ఒకరు ఉండాలి. సంతకం అడిగినప్పుడు ఇంట్లో జరిగే చర్చే సగం తొందరపాటు కొనుగోళ్లను ఆపుతుంది. రెండోది, సాకలేని ప్రాణులను భయం లేకుండా అప్పగించే చోటు ఉండాలి. హైదరాబాద్, విశాఖ, తిరుపతి జంతు ప్రదర్శనశాలల పక్కన ఇందుకోసం ఒక చిన్న విభాగం పెట్టవచ్చు. తెచ్చి ఇచ్చినవాళ్లను నేరస్తుల్లా చూడకూడదు. మూడోది, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం పనిలో ఉన్న డాక్టర్లకు సరీసృపాల చికిత్సలో స్వల్పకాలిక శిక్షణ ఇవ్వాలి. పెంచుకోమని అనుమతి ఇచ్చిన రాజ్యం వైద్యం కూడా చూపాలి.

ఇక కొనాలనుకునే పిల్లలకు ఒక మాట. ఆ ప్రాణి మీద మీకున్న ప్రేమను నేను శంకించను. దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, రేపు నేను ఉద్యోగానికో చదువుకో వెళ్లిపోతే దీన్ని ఎవరు చూస్తారని అడగండి. ఒకరు చెయ్యెత్తి, కాగితం మీద పేరు రాసి ఇస్తే కొనండి, వెంటనే నమోదు చేయించండి. ఎవరూ ఎత్తకపోతే దుకాణం మెట్లు ఎక్కకండి.