ఒకే రహదారి, ఇద్దరు ప్రయాణికులు

దాంపత్యంలో మాటలు తగ్గిపోవడానికి కలహమే కారణం కానక్కరలేదు. ఉద్యోగ వేళలు, పిల్లల చదువులు, ఇంటి వాయిదాల నడుమ భార్యాభర్తల సంభాషణ క్రమంగా ‘పాలు తెచ్చారా, బిల్లు కట్టారా’ అనే ప్రశ్నలకు కుదించుకుపోతుంది. దూరదేశంలో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే మా వంటి కుటుంబాలలో ఇది మరీ ఎక్కువ. అందుకే ఈ నెల, మేమిరువురం కలిసి చేసిన ఒక చిన్న ప్రయాణాన్ని గురించి ప్రియ పాఠకులతో ముచ్చటించదలిచాము.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణపు కొసన, సముద్రంలో దండలా పరచుకున్న ద్వీపాల చివర కీ వెస్ట్ అనే పట్టణం ఉంది. కర్కటరేఖకు కొద్దిగా ఉత్తరాన ఉన్న ఈ ఊరికి చలికాలంలో యాత్రికులు వెల్లువెత్తుతారు. అక్కడి నుండి క్యూబా దేశం 90 మైళ్ళే. మయామి నగరం నుండి కారులో సుమారు నాలుగు గంటల దారి. ఫజ్ర్ నమాజు ముగించుకుని, రొట్టెలు, ఖీమా, ఫ్లాస్కులో చాయ్ సర్దుకుని, ప్రయాణ దుఆ చదివి బయలుదేరాము.

ద్వీపాలను కలిపే ఆ రహదారి పొడవు 113 మైళ్ళు, దానిపై వంతెనలు 42. చాలా మేర రానుపోను చెరొక వరుసే ఉంటుంది. ముందువాడు నెమ్మదిగా పోతే వెనుకవాడు ఓర్చుకోవలసిందే. బిగ్ పైన్ అనే ద్వీపంలో మేకంత ఉండే అరుదైన జింకలు రోడ్డు దాటుతుంటాయి గనుక అక్కడ వేగాన్ని మరింత తగ్గించాలి. దారి పక్కన ఆకుపచ్చని పలకలపై మైళ్ళ సంఖ్య తగ్గుతూ తగ్గుతూ కీ వెస్ట్‌లో సున్నాకు చేరుతుంది. తొందరపడేవారికి ఆ దారి శిక్ష. మాట్లాడుకోవలసింది ఉన్నవారికి వరం.

ఈ దారికి ఒక చరిత్ర ఉంది. హెన్రీ ఫ్లాగ్లర్ అనే సంపన్నుడు సముద్రం మీదుగా రైలుమార్గం వేయించగా, 1912లో తొలి రైలు కీ వెస్ట్ చేరింది. 1935 సెప్టెంబరులో వచ్చిన పెనుతుఫాను ఆ మార్గాన్ని ఛిన్నాభిన్నం చేసింది. 400 మందికి పైగా మరణించారు. వారిలో మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి, అక్కడ రోడ్డు పనులకు వచ్చిన మాజీ సైనికులు అనేకులు. రైలు మళ్ళీ నడవలేదు. కానీ మిగిలిన వంతెనలను ప్రభుత్వం కొని, వాటి మీదుగానే వాహనాల దారి వేసి 1938లో తెరిచింది. బహియా హోండా వద్ద రైలు వంతెన చట్రం ఇరుకు కావడంతో, లోపల వీలుకాక దాని నెత్తిన రోడ్డు పరిచారు. ఆ పాత వంతెన నేటికీ కనబడుతుంది.

సెవెన్ మైల్ బ్రిడ్జి ఎక్కేసరికి ఇరువైపులా నీరే. అక్కడ, ఎనిమిది నెలలుగా మా ఇంట్లో వాయిదా పడుతూ వచ్చిన మాట బయటికి వచ్చింది. మాలో ఒకరి తల్లి కడపలో ఒంటరిగా ఉంటున్నారు. ఆమెను ఇక్కడికి రప్పించాలా, మాలో ఒకరు కొంతకాలం అక్కడికి వెళ్ళాలా? ‘ఇక్కడైతే వైద్యం చేరువలో ఉంటుంది, కళ్ళెదుట ఉంటారు’ అని ఒకరు. ‘మనం ఉద్యోగాలకు పోతే పగలంతా నాలుగు గోడల మధ్య ఎవరితో మాట్లాడతారు? అక్కడ అజాన్ వినబడుతుంది, ఇరుగుపొరుగు పలకరిస్తారు’ అని మరొకరు. ఒక జీతం తగ్గితే ఇంటి వాయిదా ఎలాగన్న భయమూ మాటల్లోకి వచ్చింది. వంతెన మీద లేచి వెళ్ళిపోయే వీలు లేదు. చివరిదాకా వినవలసి వచ్చింది. వంతెన దిగేసరికి రెండు సంగతులు తేలాయి. మొదట అమ్మీ అభీష్టం అడగాలి. ఆమె ఏమి కోరినా, వచ్చే చలికాలం మాలో ఒకరు మూడు నెలలు కడపలో ఉండాలి. సమస్య తీరలేదు గాని, భారం ఇద్దరి భుజాలకూ సమంగా వచ్చింది.

కీ వెస్ట్‌లో కోళ్ళు వీధుల్లో యథేచ్ఛగా తిరుగుతాయి. మద్యశాలలతో కిక్కిరిసిన డ్యువాల్ వీధిని వదిలి, చెట్లనీడ గల సందుల్లో నడిచాము. చేపల వంటకం తెప్పించుకునే ముందు, అందులో మద్యం కలిపారా, పంది మాంసం వేయించిన నూనెనే వాడారా అని అడిగి తెలుసుకున్నాము. అడిగితే మర్యాదగానే చెబుతారు. ప్రయాణికులం గనుక జుహర్, అస్ర్ నమాజులను రెండేసి రకాతులుగా ఖస్ర్ చేసుకున్నాము. తెలుగునాట పడమరకు నిలిచేవారికి అక్కడ ఖిబ్లా ఈశాన్యంగా ఉండడం వింతగా తోస్తుంది. సాయంత్రం మాలరీ స్క్వేర్‌లో సూర్యాస్తమయం చూడ జనం చేరారు. సూర్యబింబం నీటిలో అస్తమించగానే ఒక పక్కగా మగ్రిబ్ నెరవేర్చుకున్నాము.

ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేశారని, అప్పుడు ఆమె గెలిచారని, తరువాత మరొకసారి ఆయన గెలిచి దానికి ఇది బదులని చమత్కరించారని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. ఎన్నో బాధ్యతల నడుమ భార్య కోసం కేటాయించిన ఆ కాస్త సమయం మనకు ఆదర్శం కావాలి.

ఇందుకు సముద్రమే అక్కరలేదు, ఖరీదైన బసలూ అక్కరలేదు. ఒక పూట దారి, ఇంటి తిండి, మోగని ఫోను చాలు. బయలుదేరే ముందు దంపతులు ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడగాలి: ‘నీవు నాతో చెప్పాలనుకుని వాయిదా వేస్తున్నది ఏమిటి?’ జవాబు పూర్తయ్యేవరకు అడ్డు రాకుండా వినాలి.