అరిగిన కాసుకూ ఒక ఊరుంటుంది

పోయిన వారం డిగ్రీ రెండో ఏడు పిల్లోడొకడు క్లాసు అయిపోయినాక ఆగి, జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. లోపల బొటనవేలి గోరంత రాగి కాసు. వాళ్ల అవ్వకు ఉపాధి పనిలో మట్టి తవ్వుతుంటే దొరికిందంట. ఒక పక్క నున్నగా అరిగిపోయింది. ఇంకో పక్క ఏదో జంతువు వీపులాంటి ఉబ్బు వేలికి తగుల్తోంది. అంచు ఒకచోట విరిగింది. "సార్, ఆన్‌లైన్‌లో ఒకాయనకు ఫొటో పెట్టినా. చెత్త, పారేయమన్నాడు" అన్నాడు.

ఆయన లెక్కలో ఆయన సరిగానే చెప్పాడు. నాణేలు సేకరించేవాళ్ల దగ్గర 1 నుంచి 70 దాకా మార్కులుంటాయి. 70 అంటే టంకశాల నుంచి వచ్చినట్టే ఉన్నది, చేతులు మారనిది. 1 అంటే ఇది నాణెమని మాత్రం పోల్చుకోగలిగేది. ఆ అట్టడుగు మెట్టుకు వాళ్లు పెట్టుకున్న పేరు 'పూర్'. చెయ్యి తగిలేకొద్దీ విలువ పడిపోతుందనే ఈ సూత్రాన్ని మనం ఇంతకుముందు ఎక్కడో విన్నాం కదా, మిత్రులారా!

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాజు బొమ్మ చెరగని నాణెం మ్యూజియంకు కావాలి, వేలం పాటకు కావాలి. మన చరిత్ర రాసుకోవాలంటే ఈ పూర్ కాసులు కావాలి. అవి కూడా ఊరూ, చేనూ, తవ్వినవాళ్ల పేరూ రాసిపెట్టి ఉండాలి. అవి లేకపోతే కాసు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మా గుత్తిలో చరిత్ర అంటే కోట. కోట అంటే మురారిరావు. లేదంటే మన్రో. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే తెచ్చి ఇక్కడే పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. తీసుకుపోయిన శవానికి కూడా గుత్తిలో గుర్తుంది. ఆ కొండ మీదికి రాళ్లు మోసినవాళ్లకు లేదు. వాళ్ల ఆనవాళ్లేమైనా ఉంటే మట్టిలో ఉంటాయి. మట్టి తవ్వేది కూడా ఇప్పటికీ మా గేరి ఆడోళ్లే.

ఆదివారం పిల్లోడితో కలిసి అవ్వ దగ్గరికి పోయినాను. ఈ కాసు మీ పెద్దోళ్ల చేతుల్లో తిరిగిందేమో అవ్వా అన్నాను, కొంచెం కవిత్వంగానే. తెలుగు పాఠం చెప్పేవాడి రోగం ఇది. అవ్వ నవ్వింది. "మా చేతికి దుడ్లు యాడిచ్చిరి నాయనా? కళ్లంలో జొన్నలు కొలిచేటోళ్లు. ఎప్పుడన్నా దుడ్లిచ్చినా పైనుంచి ఇడిసేటోళ్లు. మేం కొంగు పట్టేది."

నా కవిత్వం అక్కడికి ఆగింది. ఈ కాసు అరగడానికి ఎన్ని చేతులు కారణమో గానీ, వాటిలో మా చేతులు ఎన్నున్నాయో లెక్క వేరే. చేతిలో చిల్లిగవ్వ లేదని తెలుగులో అందరూ అంటారు. మా అవ్వలకు మాత్రం అది జాతీయం కాదు, కూలి లెక్క. అంబేడ్కర్ 1923లో లండన్‌లో అచ్చు వేయించిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ'ని మన పిల్లలు పేరు విని వదిలేస్తారు. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో వరహాను పక్కకు నెట్టి రూపాయి ఎట్లా వచ్చిందో అందులో ఉంది. రూపాయి విలువ పడితే ధరలు ముందు ఉరుకుతాయనీ, కూలి వెనకబడుతుందనీ, ఆ తేడా కష్టజీవి నెత్తిన పడుతుందనీ ఆయన వాదించాడు. నాణేన్ని రాజు వైపు నుంచి కాకుండా దాన్ని నమ్ముకున్నవాడి వైపు నుంచి చూడడం నేను అక్కడ నేర్చుకున్నాను.

పాడైన నాణెం ఎంత మాట్లాడగలదో ఒక ఉదాహరణ చెప్తాను. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు మళ్లీ కొట్టించాడు. కింద పాత రాజు ముక్కూ చెవీ కనిపిస్తుంటాయి, పైన కొత్త రాజు ముద్ర. ఈ గౌతమీపుత్రుడు ఎవరనుకున్నారు? నాసిక్ గుహలో వాళ్లమ్మ బాలశ్రీ చెక్కించిన శాసనం, నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపినవాడని ఆయన్ను పొగుడుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో తెలుగువాళ్ల గర్వకారణం కూడా ఆయనే. శాసనంలో సంకరాన్ని ఆపిన రాజు, సంతకు వచ్చేసరికి శత్రువు ముఖం మీదే తన ముద్ర కొట్టుకుని చెలామణి చేసుకున్నాడు. శాసనం ఆయన చెప్పుకోవాలనుకున్నది చెప్తుంది. దెబ్బ తిన్న నాణెం జరిగింది చెప్తుంది.

మరి మనవాళ్లకు దొరికిన కాసులు ఎక్కడికి పోతున్నాయి? పాత సామాన్ల అంగడికి. ఎందుకంటే భయం. వాన పడితే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వందల మంది బహిరంగంగా వెతుకుతారు. కాసు దొరికితే మాత్రం నోరు విప్పరు. పోలీసులొస్తారు, కుండ యాడ దాచినావని కొడతారు అంటారు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ నడుస్తోంది. నేలలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసివ్వాలి, ఇవ్వకపోతే ఏడాది దాకా జైలు. ఇంతవరకూ అందరికీ తెలుసు. అసలు సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందమేదీ లేకపోతే, దొరికినవాళ్లకు ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు అని అదే చట్టంలో ఉన్న సంగతి గేరిలో ఎవరూ చెప్పరు. కూలికి పోయిన ఆడమనిషికి ముప్పావు, రెడ్డిగారికి పావు! ఎందుకు చెప్తారు?

ఆ చట్టాన్ని నేను మొత్తంగా మెచ్చుకోవడం లేదు. ప్రభుత్వం తీసుకుంటే ఇచ్చేది లోహం ధర, దాని మీద ఐదో వంతు. ఈ రాగి కాసుకు ఎంతొస్తుంది? టీ ఖర్చు కూడా రాదు. ఇంగ్లండ్‌లో 1997 నుంచి ఒక పద్ధతి ఉంది. పొలంలో దొరికిన విరిగిన నాణేన్ని కూడా తెచ్చి చూపిస్తే, ఎక్కడ దొరికిందో రాసుకుని మామూలుగా వస్తువు వాళ్లకే తిరిగిస్తారు. అట్లా పది లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. మన దగ్గర ఉపాధి పనికి మస్టరు ఉంది, రోజూ ఫొటో ఉంది. తవ్వినప్పుడు బయటపడినవాటికి ఒక కాలమ్ పెట్టడం అంత కష్టమా?

ఇంతా చెప్పి నా తప్పు దాచుకోను. నా దగ్గర ఒక బిస్కెట్ డబ్బా ఉంది. అంగడి రాగి కుప్పలోంచి తూకానికి ఏరి తెచ్చుకున్న 31 అరిగిన కాసులు. ఒక్కదానికీ ఊరు తెలీదు. వాటిని కాపాడుతున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. దొరికినచోటు అడగాలని తట్టనేలేదు. మార్కులు వేసేవాడికీ నాకూ పెద్ద తేడా లేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో కాసు దొరికితే చింతపండుతో తోమొద్దు. ఆ పచ్చటి చిలుముతోపాటు మిగిలిన గీత కూడా పోతుంది. స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి. దొరికిన చేను, లోతు, తేదీ రాయండి. అవ్వ పేరు ఇంటిపేరుతో సహా రాయండి. విలువైనదిగా కనిపిస్తే కలెక్టరుకు రాసే అర్జీలో మేం పదిమందిమి తోడు వస్తాం.

ఆ ఆదివారం నోటుబుక్కు పిల్లోడికే ఇచ్చాను. అవ్వ చేత్తో చూపిస్తూ చెప్పింది: వంక దాటినాక, కానుగ చెట్టుకు ఎడమపక్క, మోకాటిలోతు, ఎర్రమన్ను కింద సున్నపు మన్ను తగిలినకాడ. విజయనగర కాసుల మీద ఎద్దూ ఉంది, ఏనుగూ ఉంది. ఇదేదో ఇంకా తేలలేదు. రాజు పేరు అనే గడి ఖాళీగా వదిలాడు. దొరికినవారు అనేచోట అవ్వ పేరు రాసి, "ఇట్లానేనా అవ్వా?" అని చదివి వినిపించాడు. ఆమె ఇంకోసారి చదవమంది.

జై భీమ్.